పాత ఫోన్‌కి కంపెనీ ఆఫర్‌లో కొత్త బ్యాటరీ: బెంగళూరులో మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయించుకోవాలి

"సగం ధరకే బ్యాటరీ మారుస్తామని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, వెళ్లమంటారా, లేక కొత్త ఫోనే కొనేయనా?" ఈమధ్య మారతహళ్లి నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి, వైట్‌ఫీల్డ్ పీజీల నుంచి ఇదే ప్రశ్న పదే పదే వస్తోంది. విడివిడిగా జవాబులు రాయడం కన్నా అంతా ఒకచోట పెడుతున్నాను.

బ్యాటరీ మార్చడం అనే అసలు పని గంటో రెండు గంటలో అయిపోతుంది. మిగతా తిరుగుడంతా ముందే అడగాల్సినవి అడక్కపోవడం వల్ల వచ్చేదే: తీరా వెళ్లాక మీ మోడల్ ఆఫర్‌లో లేదంటారు, ఉంటే స్టాక్ లేదంటారు, అదీ ఉంటే బిల్లు చూసి మీరే గుడ్లు తేలేస్తారు. అందుకే వరస ముఖ్యం. 3, 5, 6 అంకెల దగ్గరున్నవి మాత్రం దాటేయకండి.

1. తప్పు బ్యాటరీదేనా? ముందు అది తేల్చుకోండి

ఛార్జింగ్ నిలవకపోతే వెంటనే బ్యాటరీ పోయిందనుకుంటాం. ఫోన్‌లో పెద్ద అప్‌డేట్ వచ్చిన రెండు మూడు రోజులు ఛార్జింగ్ త్వరగా దిగడం మామూలే, ఆ రోజుల్లో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఆఫీసు బేస్‌మెంట్‌లోనో, సిగ్నల్ సరిగా అందని ఫ్లాట్‌లోనో రోజంతా కూర్చుంటే ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూనే సగం బ్యాటరీ తాగేస్తుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తెరిచి పైన ఏ యాప్ ఉందో చూడండి. ఛార్జింగ్ పోర్ట్‌లో జేబు దూది ఇరుక్కుందేమో టార్చ్ వేసి చూడండి, వేరే కేబుల్‌తో ఒకసారి పెట్టి చూడండి.

నిజంగా బ్యాటరీ ముసలిదైతే గుర్తులు వేరు. 30 శాతం చూపిస్తూ ఉంటుంది, కెమెరా తెరవగానే ఫోన్ టప్పున ఆరిపోతుంది, ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే మళ్లీ 25 చూపిస్తుంది. వయసైన బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది కాబట్టి ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ అడిగితే వోల్టేజ్ పడిపోతుంది, ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఇది ఏ సెట్టింగ్ మార్చినా బాగుపడదు.

ఎక్కడ చూడాలి:

- ఐఫోన్: సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్. మ్యాక్సిమమ్ కెపాసిటీ 80 కన్నా తక్కువుంటే, లేదా సర్వీస్ అని చూపిస్తుంటే మార్చే సమయం వచ్చినట్టే. ఐఫోన్ 15 నుంచి సైకిల్ కౌంట్ కూడా కనిపిస్తుంది.
- శాంసంగ్: శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో డయాగ్నస్టిక్స్, అందులో బ్యాటరీ స్టేటస్.
- పిక్సెల్ 8ఎ, ఆ తర్వాతివి: సెట్టింగ్స్‌లోనే బ్యాటరీ హెల్త్ ఉంటుంది.
- మిగతా ఆండ్రాయిడ్‌లు: సెట్టింగ్స్‌లో బ్యాటరీ అని వెతకండి. ఏమీ దొరక్కపోతే సర్వీస్ సెంటర్‌లో టెస్ట్ చేస్తారు. ఆ టెస్ట్‌కి డబ్బు తీసుకుంటారా అని ముందే అడగండి.

సైకిల్ అంటే ఛార్జర్ పెట్టిన ప్రతిసారీ అని కాదు. మొత్తం మీద 100 శాతం వాడితే ఒకటి. ఇవాళ 60, రేపు 40 వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. యాపిల్ లెక్క ప్రకారం ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్ల దగ్గర, 15 నుంచి 1000 సైకిళ్ల దగ్గర 80 శాతం కెపాసిటీ మిగలాలి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 80 శాతమంటే మీ చేతిలో ఉన్నది 4000 ఎంఏహెచ్ ఫోన్. సాయంత్రం ఆరింటికే ఛార్జర్ వెతుక్కోవడంలో వింతేమీ లేదు.

2. ఉబ్బిందా? అయితే ఆఫర్ సంగతి తర్వాత

ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూల నొక్కండి. అటూ ఇటూ ఊగిందంటే, స్క్రీన్ అంచు పైకి లేచి లోపలి వెలుతురు సన్నటి గీతలా కనిపిస్తే, బ్యాటరీ ఉబ్బినట్టే. ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టకండి, లేచిన స్క్రీన్‌ని నొక్కి కూర్చోబెట్టాలని చూడకండి, గుచ్చకండి. స్విచాఫ్ చేసి దిండు కిందా పరుపు మీదా కాకుండా గట్టి నేల మీద పెట్టి, తెల్లారగానే దగ్గర్లోని అధీకృత సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయండి. కొరియర్‌లో పంపే ఆలోచన అసలే వద్దు, ఉబ్బిన లిథియం బ్యాటరీని పార్సిల్ చేయడం ప్రమాదం. కొన్ని మోడళ్లకి ఉబ్బుడు విషయంలో కంపెనీలే ఉచితంగా మార్చే కార్యక్రమం పెడతాయి, ఆ ముక్క కూడా ఫోన్లోనే అడగండి.

3. ఆఫర్‌ని చివరి లైను దాకా చదవండి

కంపెనీ ఆఫర్లన్నీ ఒక జాతివి కావు. కొన్ని అప్పుడప్పుడూ వచ్చే డిస్కౌంట్లు: 2022లో షావోమీ మన దేశంలో 499 రూపాయల నుంచి మొదలయ్యే ధరలతో బ్యాటరీ మార్పిడి పెట్టింది, "నుంచి" అన్న మాట చూసుకోవాలి, మీ మోడల్ ధర వేరేగా ఉండొచ్చు. కొన్ని ఫలానా మోడల్‌లో లోపం బయటపడి ఉచితంగా మార్చేవి: పిక్సెల్ 6ఎ కి గూగుల్ 2025లో అలాంటిదే ప్రకటించి 2026 జూలై 8 దాకా గడువిచ్చింది. ఇంకొన్ని మీరు కొన్నప్పుడే డబ్బు కట్టిన ప్లాన్లు: యాపిల్‌కేర్ ప్లస్ ఉండి కెపాసిటీ 80 శాతం కన్నా తగ్గితే బ్యాటరీకి విడిగా కట్టక్కర్లేదు. మీది ఏ రకమో తెలిస్తే సగం ప్రశ్నలు తీరిపోతాయి.

ఫోన్ డయలర్‌లో *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ వేరుగా ఉండే గుర్తింపు నంబర్) రాసుకోండి. కంపెనీ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఆ నంబర్ ఇచ్చి అర్హత చూసుకోండి. మీరు "నోట్ ప్రో" అని నోటితో చెప్పే పేరు మీద ఆఫర్ రాదు, అదే పేరుతో నాలుగు రకాలుంటాయి.

ఇక్కడ జనం ఎక్కువగా బోల్తా పడేది నకిలీ కస్టమర్ కేర్ నంబర్ల దగ్గర. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో బ్రాండ్ లోగో పెట్టుకున్న ఎవరో ఉంటారు, "ఆఫర్ బుక్ చేస్తాను, స్క్రీన్ షేర్ యాప్ వేసుకోండి" అంటారు. బ్యాటరీ బుక్ చేయడానికి ఏ కంపెనీకీ మీ స్క్రీన్ చూడాల్సిన అవసరం లేదు. అక్కడే కట్ చేయండి.

ఆఫర్ పేజీలో వెతకాల్సినవి:

- ఎప్పటి దాకా? బుక్ చేసిన తేదీ లెక్కా, మార్చిన తేదీ లెక్కా?
- వారంటీ అయిపోయిన ఫోన్లకా, అన్నిటికా?
- డిస్కౌంట్ బ్యాటరీ మీదేనా, లేబర్ మీద కూడానా?
- స్క్రీన్ పగిలినా, నీళ్లు తగిలినా వర్తిస్తుందా?
- ఒక ఫోన్‌కి ఒక్కసారేనా?

స్క్రీన్ పగిలుంటే ముందే తెలుసుకోండి. ఫోన్ తెరిచేటప్పుడు అడ్డొచ్చే పగులు ఉంటే ముందు స్క్రీన్ మార్చాలంటారు, యాపిల్ అయితే ఈ మాట రాతపూర్వకంగానే చెబుతుంది. అప్పుడు బ్యాటరీ డిస్కౌంట్ మొత్తం స్క్రీన్ ఖర్చులో కొట్టుకుపోతుంది.

4. కాగితం మీద లెక్క

ఉదాహరణకి బ్యాటరీ అసలు ధర 1600 అనుకుందాం. సగానికి 800. లేబర్ 400 తగ్గలేదు. మొత్తం 1200 మీద 18 శాతం జీఎస్టీ 216. చెల్లించేది 1416. మీరు మనసులో 800 అనుకుని వెళ్లారు, అక్కడ గొడవ. వెనక గ్లాస్ ఉన్న ఫోన్లకి గమ్, సీల్ కూడా విడిగా వేసే సెంటర్లున్నాయి.

నా లెక్క ఒకటే. మొత్తం బిల్లు మీ ఫోన్ పాతదిగా అమ్మితే వచ్చే ధరలో మూడో వంతు దాటితే, పైగా ఆ ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగిపోయి ఉంటే, ఆ డబ్బు పెట్టకండి. అప్‌డేట్లు ఇంకో రెండేళ్లు వస్తాయంటే మాత్రం కళ్లు మూసుకుని మార్పించుకోవచ్చు.

ఊళ్లో ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్‌లో ఇంకా తక్కువకి చేస్తారు కదా అంటారు. చేస్తారు, పనితనం ఉన్న వాళ్లూ ఉన్నారు. కానీ ఏ బ్యాటరీ వేశారో మీకు తెలిసే దారి లేదు, ఐఫోన్ ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్ నుంచి ఆ తర్వాతి వాటిలో అయితే అసలుది కాని బ్యాటరీకి "అన్‌నోన్ పార్ట్" అని సెట్టింగ్స్‌లోనే పడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు డిస్‌ప్లే పోగొట్టుకున్న వాళ్లని చూశాను. కంపెనీ ఆఫర్ లేని మరీ పాత మోడల్‌కి తప్ప అటు వెళ్లమని చెప్పను.

5. పార్ట్ ఉందని తెలిశాకే ఇంట్లోంచి కదలండి

రోజులు పోయేది ఇక్కడే. ఆఫర్ అందరికీ ఒకేసారి వస్తుంది, బ్యాటరీలు మాత్రం రావు. 2018లో యాపిల్ ధర బాగా తగ్గించినప్పుడు ఐఫోన్ 6 ప్లస్ బ్యాటరీల కోసం జనం వారాల తరబడి ఆగాల్సి వచ్చింది. అంతకంటే చిన్న ఆఫర్లకీ ఇదే తంతు.

సెంటర్ అడ్రస్ కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. బ్రాండ్ లోగో ఉన్న బోర్డు కనిపించినంత మాత్రాన అధీకృతం కాదు. ఐఫోన్ వాళ్లకి అధీకృత సర్వీస్ సెంటర్లతో పాటు 2025 సెప్టెంబర్ నుంచి హెబ్బాళ దగ్గర ఫీనిక్స్ మాల్ ఆఫ్ ఏషియాలో యాపిల్ సొంత స్టోర్ కూడా ఉంది. అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్తే కూర్చోబెడతారు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి అక్కడికి ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి ప్రయాణం, కాబట్టి మీ వైపున్న సెంటర్‌నే ముందు చూసుకోండి.

ఫోన్ చేసి ఇలా అడగండి, ఇదే మాటల్లో అడిగినా పర్లేదు: "నా మోడల్ ఇది, ఐఎంఈఐ ఇది. ఈ ఆఫర్‌లో బ్యాటరీ మీ దగ్గర ఇప్పుడు స్టాక్ ఉందా? లేకపోతే నా పేరు మీద ఆర్డర్ పెట్టి, వచ్చాక మెసేజ్ చేస్తారా? ఫోన్ అక్కడ వదలకుండా ఆర్డర్ పెట్టొచ్చా? అన్నీ కలిపి మొత్తం ఎంత?" ఆఖరి రెండు ప్రశ్నలు బంగారం. చాలా సెంటర్లు ముందు ఫోన్ తీసుకుని తర్వాత పార్ట్ తెప్పిస్తాయి, వారం రోజులు మీ ఫోన్ వాళ్ల డ్రాయర్‌లో పడుంటుంది.

శనివారం వద్దు. సగం వైట్‌ఫీల్డ్ అక్కడే ఉంటుంది. వారం మధ్యలో తెరిచే వేళకి వెళ్తే అదే రోజు చేతికొచ్చే అవకాశం ఎక్కువ. కౌంటర్‌లో తెలుగు తెలిసినవాళ్లు దాదాపు ఎక్కడైనా ఒకరుంటారు, సంకోచించకుండా అడగండి, కానీ జాబ్ షీట్ (ఫోన్ తీసుకున్నట్టు సెంటర్ రాసిచ్చే కాగితం) మీద ఇంగ్లిష్‌లో ఏం రాశారో మాత్రం మీరే చదువుకోండి.

6. ఫోన్ ఇచ్చే ముందు రాత్రి

బ్యాటరీ మారిస్తే డేటా పోదు, మామూలుగా. కానీ ఫోన్ తెరిచాక లోపలి బోర్డుకి ఏమైనా అయితే మీ డేటాకి ఎవరూ బాధ్యత తీసుకోరు, ఆ మాట మీరు సంతకం పెట్టే కాగితంలోనే ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకు, బ్యాకప్ ముందే చేయండి: ఫోటోలు, వాట్సాప్, కాంటాక్ట్స్. బ్యాకప్ తేదీ ఇవాళ్టిదేనా అని తెరిచి చూడండి, "ఆటోమేటిక్‌గా అవుతుందిలే" అని వదిలేసిన బ్యాకప్‌లు చాలావాటికి స్టోరేజ్ నిండిపోయి ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి.

పిన్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉంటాయి, అవి ఆన్ చేస్తే టెక్నీషియన్ ఫోన్ పరీక్షించగలడు గానీ మీ ఫోటోలు, మెసేజ్‌లు చూడలేడు. ఐఫోన్‌కి ఫైండ్ మై (పోయిన ఫోన్ వెతకడానికి ఉండే సెట్టింగ్) సంగతి చూసుకోవాలి, ఐఓఎస్ 17.5 నుంచి దాన్ని ఆపేయకుండానే ఫోన్‌ని రిపేర్ స్టేట్‌లో పెట్టొచ్చు. ఇది ఇంట్లోనే నేర్చుకుని వెళ్లండి. కౌంటర్ ముందు నిలబడి యాపిల్ ఐడీ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడం కన్నా టెన్షన్ ఇంకోటి లేదు.

ఇక ఐటీ జనానికి ప్రత్యేకం: ఆఫీస్ లాగిన్‌కి వాడే ఆథెంటికేటర్ (లాగిన్ కోడ్లు చూపే యాప్) ఈ ఫోన్‌లోనే ఉందా? ఉంటే బ్యాకప్ కోడ్లు దింపుకోండి, లేదా ఆ రోజు లాగిన్ అవసరం లేకుండా చూసుకోండి. సిమ్ తీసి ఇంట్లో ఉన్న ఇంకో పాత ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలు అందుతాయి, ఫోన్ తిరిగి తీసుకునేటప్పుడు సెంటర్ వాళ్లు పంపే ఓటీపీ కూడా ఆ నంబర్‌కే వస్తుంది. ఈసిమ్ (విడిగా కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్) అయితే దాన్ని వేరే ఫోన్‌లోకి మార్చుకోవడానికి ముందే సమయం పెట్టుకోండి. సిమ్ తీసి మళ్లీ వేశాక యూపీఐ యాప్ కొత్తగా వెరిఫై చేయమనవచ్చు, కొన్ని బ్యాంకులు అలా చేసిన మొదటి 24 గంటలు పంపే మొత్తానికి పరిమితి పెడతాయి. అద్దె కట్టే రోజు పెట్టుకోకండి.

వెళ్లేటప్పుడు సంచీలో:

- కొన్న బిల్లు కాపీ (లేకపోయినా పర్లేదనే చోట్లు ఉన్నాయి, ఉంటే గొడవ ఉండదు)
- ఆఫర్ పేజీ స్క్రీన్‌షాట్, వేరే ఫోన్‌లోనో ప్రింట్‌లోనో
- ఐఎంఈఐ రాసిన కాగితం
- సిమ్ పిన్ను, సిమ్ వేసుకోవడానికి పాత ఫోన్
- నగదు. ఫోన్ ఇచ్చి బయటికొచ్చాక యూపీఐ ఉండదు, యాప్‌లో ఆటో ఉండదు, వాట్సాప్‌లో మెట్రో టికెట్ ఉండదు

కవర్, మెమరీ కార్డ్ ఇంట్లోనే తీసేయండి. స్క్రీన్ గార్డ్ పోతుంది, దాని మీద ఆశ వద్దు. ఛార్జింగ్ 30 నుంచి 50 మధ్య ఉంటే చాలు.

7. కౌంటర్ దగ్గర

ఇచ్చే ముందు వాళ్ల ఎదురుగానే ఫోన్ నాలుగు వైపులా, ముందూ వెనకా వీడియో తీయండి, పాత ఫోన్‌తో. జాబ్ షీట్‌లో కండిషన్ అని ఒక గడి ఉంటుంది, అందులో అలవాటుగా "స్క్రాచెస్, డెంట్స్" అని టిక్ కొట్టేస్తారు. మీ ఫోన్‌కి డెంట్ లేకపోతే కొట్టేయించండి. రేపు మూల విరిగి వస్తే ఆ టిక్కే మీకు అడ్డం పడుతుంది.

షీట్‌లో ఉండాల్సినవి: ఐఎంఈఐ, "బ్యాటరీ రీప్లేస్‌మెంట్" అనే మాట, ఆఫర్ పేరు, పన్నుతో కలిపి అంచనా మొత్తం, ఇచ్చే తేదీ. "మొత్తం తర్వాత చెబుతాం" అంటే సంతకం పెట్టకండి. టెస్ట్ చేశాక ఇంకేదో పోయిందని ఫోన్ వస్తే, నన్ను అడక్కుండా ఏ పార్టూ మార్చొద్దని షీట్ మీదే రాయించండి. ఫార్మాట్‌కి (డేటా అంతా చెరిపేయడానికి) ఒప్పుకుంటున్నట్టు గడి ఉంటే ఎందుకని అడగండి, బ్యాటరీకి సాధారణంగా అవసరం ఉండదు.

8. తీసుకునేటప్పుడు పావుగంట అక్కడే ఉండండి

ఫోన్ తెరిచినప్పుడు లోపలి సన్నటి కేబుళ్లు కదులుతాయి. అందుకే బ్యాటరీతో సంబంధం లేనివి కూడా చూడాలి.

- స్క్రీన్ అంచు చుట్టూ బొటనవేలి గోరు పోనివ్వండి. ఎక్కడైనా తట్టుకుంటే, గమ్ దారంలా బయటికి కనిపిస్తే, మళ్లీ అతికించమనండి
- ఎవరికైనా కాల్ చేసి ఇద్దరి గొంతూ వినిపిస్తోందో చూడండి, చెవి దగ్గర పెడితే స్క్రీన్ ఆరుతోందా
- ముందు కెమెరా, వెనక కెమెరా, వేలిముద్ర లేదా ఫేస్ లాక్, వైబ్రేషన్
- వైర్‌తో ఛార్జింగ్, ఉంటే వైర్‌లెస్ కూడా
- బ్యాటరీ హెల్త్ 100 దగ్గర ఉందా

కొత్త బ్యాటరీ వేసినా పాత 78 శాతమే చూపిస్తుంటే సెంటర్ సాఫ్ట్‌వేర్‌తో చేయాల్సిన చివరి పని మిగిలిపోయి ఉండొచ్చు, అక్కడే చేయించుకోండి. ఐఫోన్‌లో జనరల్, అబౌట్ లోకి వెళ్లి పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీలో జెన్యూన్ అని ఉందో చూడండి. బిల్లు మీద బ్యాటరీకి ఎన్ని రోజుల వారంటీయో అడిగి రాయించుకోండి, యాపిల్ అయితే కనీసం 90 రోజులిస్తుంది. పాత బ్యాటరీ ఇంటికి తెచ్చుకోవద్దు, వాళ్లకే వదిలేయండి, చెత్తబుట్టలో వేసే వస్తువు కాదది.

9. మొదటి వారం

మొదటి రెండు మూడు రోజులు శాతం కొంచెం తికమకగా దిగొచ్చు, సర్దుకుంటుంది. ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టి తర్వాత పూర్తిగా సున్నాకి దించాలనే పాత సలహా ఈ బ్యాటరీలకి పనికిరాదు. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే ఆన్ చేసుకోండి. బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి ఎండలో మ్యాప్ పెట్టుకుని ఛార్జ్ చేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, 35 డిగ్రీలు దాటిన వేడి బ్యాటరీ ఆయుష్షు తినేస్తుంది. వాటర్‌ప్రూఫ్ అని రాసున్న ఫోన్ అయినా తెరిచి మూశాక ఆ నమ్మకం పెట్టుకోకండి.

10. తేడా వస్తే

ఫోన్ వేడెక్కడం, మళ్లీ ఆరిపోవడం, స్క్రీన్ లేవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా అదే సెంటర్‌కి బిల్లుతో వెళ్లండి. మాటతో పని కాకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టి జాబ్ షీట్, బిల్లు, వీడియో జత చేయండి, టికెట్ నంబర్ రాసుకోండి. నాలుగైదు రోజుల్లో కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫిర్యాదులో కోపం తగ్గించి తేదీలు, మొత్తాలు, టికెట్ నంబర్ ఇవ్వండి, ఆఫర్ పేజీ స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి, ఎందుకంటే గడువు అయిపోగానే ఆ పేజీ వెబ్‌సైట్ నుంచి మాయమైపోతుంది.